చెవి, చేయి, అక్షరము: ఉత్తర తెలంగాణమున గ్రహణరీతుల చరిత్ర

విద్య యొక్కటియే యైనను దానిని గ్రహించు మార్గము లనేకములు. ఒకడు విన్న మాటను మరువడు. ఒకడు చూచిన పనిని చేతితో మరల జేసి చూపును. వేరొకడు వ్రాసి చూచుకొననిదే దేనిని తనదిగా భావింపడు. ఈ భేదము గురువులకు క్రొత్త కాదు. ఒక్కమారు వినగానే పట్టుకొనువానిని ఏకసంథాగ్రాహి యనియు, రెండవ మారునకు పట్టుకొనువానిని ద్విసంథాగ్రాహి యనియు మనవా రెన్నడో పేర్కొనిరి. నేటి మనోవైజ్ఞానికులు ఇట్టి భేదములను సంజ్ఞానశైలు లందురు. మేమీ వ్యాసమున వానిని గ్రహణరీతు లని వ్యవహరింతుము.

గ్రహణరీతి మనుజునకు పుట్టుకతో వచ్చునదా? అతని కులమునకో తెగకో చెందిన లక్షణమా? లేక అతడు పెరిగిన చోట నడచుచున్న అభ్యాసముచే నేర్పడునదా? ఈ ప్రశ్నకు గ్రంథములనుండి సమాధానము చెప్పుట సులభము. దానిని ఒక ప్రాంతపు చరిత్రలో పరీక్షించి చూచుట మేలని మా కనిపించినది. అందులకు కరీంనగరము, ఆదిలాబాదు అను పూర్వపు జిల్లాలు మిక్కిలి తగినవి. 2016లో ఈ రెండును పలు జిల్లాలుగా విభక్తములైనను, ఈ వ్యాసమున ఆ పేరులను పూర్వపు విస్తృతార్థముననే వాడుచున్నాము. గోదావరికి ఇరుగడల నున్న ఈ భూభాగమున వేదాధ్యయనము, కంసాలి పనితనము, వీథిబడి, ఉర్దూ పాఠశాల, గోండుల కథాగానము ఒకదాని ప్రక్క నొకటి నిలిచియుండినవి. ఒకే నేలమీద ఇన్ని విద్యాసంప్రదాయములను పోల్చి చూచుట కవకాశము సామాన్యముగా దొరకదు.

1. పూర్వుల వర్గీకరణము, నేటి వర్గీకరణము

ఏకసంథాగ్రాహి మున్నగు పేరులు గ్రహణ వేగమును తెలుపును గాని రీతిని తెలుపవు. రీతిని గూర్చిన విచారము అలంకారశాస్త్రమున కొంత కానవచ్చును. పదవ శతాబ్ది ప్రారంభమున నుండిన రాజశేఖరుడు తన కావ్యమీమాంసలో బుద్ధిని స్మృతి, మతి, ప్రజ్ఞ యని మూడు విధములుగా జెప్పెను. గతమును స్మరించునది స్మృతి. వర్తమానమును మననము చేయునది మతి. రాబోవుదానిని తెలియునది ప్రజ్ఞ. అతడే శిష్యులను బుద్ధిమంతుడు, ఆహార్యబుద్ధి యని విభజించి, ఈ యిరువురికి వేరైనవానిని దుర్బుద్ధి యనెను. మొదటివాని బుద్ధి సహజముగానే శాస్త్రము ననుసరించును. రెండవవాని బుద్ధి శాస్త్రాభ్యాసముచే సంస్కృతమగును. ఇందు గమనింపదగిన దేమనగా, ఆహార్యబుద్ధి త్రోసిపుచ్చదగినవాడని రాజశేఖరుడు తలపలేదు. అభ్యాసము బుద్ధిని మార్చునను విశ్వాసము ఈ విభాగమునందే యిమిడియున్నది.

నేటి విభాగమునకు మూలము అమెరికాలో ఇరువదవ శతాబ్ది నడుమ జరిగిన ప్రయోగములు. హెర్మన్ విట్కిన్, సాలమన్ ఆష్ అనువారు 1948లో ప్రకటించిన ప్రయోగమున, చీకటిగదిలో వెలుగుచున్న చట్రము నొకదానిని ప్రక్కకు వంచి, దాని నడుమ నున్న కడ్డీని నిటారుగా నిలుపుమని యడిగిరి. కొందరు చట్రపు వంపునకు లోబడి కడ్డీని వంచిరి. కొందరు చట్రమును లెక్కింపక తమ శరీరపు నిలుకడనుబట్టి కడ్డీని నిలిపిరి. మొదటివారిని క్షేత్రాశ్రితు లనియు, రెండవవారిని క్షేత్రనిరపేక్షు లనియు మనము చెప్పుకొనవచ్చును. పరిసరముతో గలిపి వస్తువును చూచుట మొదటివారి రీతి. పరిసరమునుండి వస్తువును విడదీసి చూచుట రెండవవారి రీతి.

ఈ భేదమును జీవనవృత్తితో ముడిపెట్టినవాడు జాన్ బెర్రీ. వేటాడి బ్రతుకువారికి విశాలమైన అడవిలో జాడను విడదీసి పట్టుట యవసరము. సేద్యగాండ్రకు ఊరితో గలిసి మెలగుట యవసరము. కావున వారి గ్రహణరీతులు వేరగునని అతడు 1976లో ప్రకటించిన గ్రంథమున ప్రతిపాదించెను. భారతదేశమున ఈ మతమును పరీక్షించినవారిలో రమేశచంద్ర మిశ్ర, దుర్గానంద సిన్హా ముఖ్యులు. వారు బెర్రీతో గలిసి నాటి బీహారు రాష్ట్రమునందలి బిర్హోర్, అసుర్, ఓరావ్ తెగలను పరిశీలించి 1996లో గ్రంథమును వెలువరించిరి. వేటయా, సేద్యమా యను విషయముతోపాటు, బడితోను పట్టణముతోను గల సంపర్కమును గూడ వారు లెక్కలోనికి దీసికొనిరి. పరిసరము మారిన రీతియు మారవచ్చునను దృష్టి ఇట్టి పరిశోధనలకు ఆధారము. ఈ దృష్టియు, ఆహార్యబుద్ధిని గూర్చిన రాజశేఖరుని దృష్టియు ఒకే దిక్కునకు జూపుచున్నవి.

2. ధర్మపురి, బాసర

కరీంనగరము జిల్లాలోని ధర్మపురి నరసింహక్షేత్రముగా, నరసింహశతకకర్తయైన శేషప్పకవి నివాసముగా ఆంధ్రపాఠకులకు సుపరిచితము. గోదావరీతీరమందలి ఆ యూరు వేదాధ్యయనమునకును ప్రసిద్ధి గన్నది. వేదవిద్యను శ్రవణవిద్య యనుట పరిపాటి. గురువు ఒక్కమారు చెప్పిన దానిని శిష్యులు రెండుమార్లు చెప్పుదురు. దీనినే సంథ చెప్పుట యందురు. వ్రాతనుజూచి చదువువానిని పాణినీయశిక్ష అధమపాఠకులలో చేర్చినది. ఇంతవరకు చూచినచో ఇది చెవికి మాత్రమే చెందిన విద్య యని తోచును.

కాని ఆ శిక్షయే హస్తమును జూపక స్వరహీనముగా చదువుటను నిందించినది. ఉదాత్తానుదాత్తస్వరితములను చేతి కదలికతో గుర్తించుట సంప్రదాయము. చెవితో విన్న స్వరమును చేయి మరల గుర్తుచేయును. అంతేకాక క్రమ, జట, ఘన పాఠములందు పదముల వరుసను త్రిప్పి చెప్పవలసియుండును. పదములను 1, 2, 3 అని గుర్తించినచో క్రమమున 1-2, 2-3 అనియు, జటయందు 1-2, 2-1, 1-2 అనియు, ఘనయందు 1-2, 2-1, 1-2-3, 3-2-1, 1-2-3 అనియు పాఠము నడచును. వట్టి ధారణచే నిది సాగదు. పదమును వాక్యమునుండి విడదీసి, ఎదురుగా నడపి, సంధి మారిన చోట స్వరమును సరిచూచుకొనవలెను. విట్కిన్ చెప్పిన క్షేత్రనిరపేక్షత యనగా పరిసరమునుండి వస్తువును విడదీయుటయే గదా! చట్రమును కడ్డీని ఎన్నడును చూడని ఘనపాఠి ఆ పనిని పదములయందు నిత్యము చేయుచుండును. శ్రవణవిద్య వలన వట్టి వల్లెవేయుట మాత్రమే యలవడునను మాట ఇచ్చట నిలువదు.

ఆదిలాబాదు జిల్లాలోని బాసరయందు సరస్వతీదేవి సన్నిధిని జరుగు అక్షరాభ్యాసమును గూడ ఈ దృష్టితో చూడవచ్చును. పెద్దలు బిడ్డ వ్రేలిని పట్టి బియ్యములో అక్షరమును దిద్దింతురు, నోట పలికింతురు, బిడ్డ చూచును, వినును, గింజల గరుకును వ్రేలితో నెఱుగును. ఓనమాలు మన దేశమున ఒక్క ఇంద్రియమునకు అప్పగింపబడలేదు. వీథిబడులలో ఇసుకపై వ్రాయించుటయు నిట్టిదే. మలబారు బడిపిల్లలు ఇసుకలో వ్రాయుటను జూచిన ఆండ్రూ బెల్ ఆ పద్ధతిని మదరాసులోని అనాథ బాలుర పాఠశాలలో ప్రవేశపెట్టి, 1797లో దానినిగూర్చి లండనులో గ్రంథమును ప్రకటించెను. పెద్దపిల్లలచే చిన్నపిల్లలకు చెప్పించు ఆ పద్ధతి ఇంగ్లండునందు మదరాసు పద్ధతి యను పేర వ్యాపించినది.

3. కమ్మచ్చు, కుంచె

కరీంనగరపు వెండితీగ పని భారతదేశమంతట పేరుగన్నది. 2007లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. వెండిని కమ్మచ్చు రంధ్రములగుండ లాగి సన్నని తీగెగా జేసి, తీగెలను మెలిపెట్టి, ఆకులుగా లతలుగా వంచి, చట్రములో పొదిగి అతుకుదురు. అత్తరుదానులు, పాన్‌దానులు, పళ్లెరములు ఈ విధముగానే సిద్ధమగును. నిర్మలలో పొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల ముద్దతో అతికి, రంగులు దిద్దు నకాషీ పనియు నిట్టి కోవకు జెందినదే.

ఇట్టి పనులను నేర్చు పిల్లవానికి పాఠము చెప్పువారుండరు. తండ్రియో మేనమామయో పనిచేయుచుండగా వాడు ప్రక్కన గూర్చుండి చూచుచుండును, అందుమన్నదానిని అందించును, చెడినను నష్టములేని పనిని మొదట చేయును. ప్రశ్నించుట తక్కువ, చూచుట యెక్కువ. లైబీరియాలోని దర్జీల పనిని 1970 తరువాతి దశకమున పరిశీలించిన జీన్ లేవ్, అచ్చటి నేర్పరులు మొదట బొత్తాములు కుట్టుట, అంచులు మడచుట నేర్చి, తుదకు గాని గుడ్డ కత్తిరించుటకు రారని చూపెను. ఉడుపు తయారగు క్రమమునకు నేర్పు క్రమము తలక్రిందు. గుడ్డ పాడగునను భయము లేని చోటునుండి చదువు మొదలగును.

ఈ రీతిలో పెరిగిన బాలుడు బడికి వచ్చినప్పు డేమి జరుగును? ఉపాధ్యాయుడు మొదట సూత్రమును చెప్పి పిదప ఉదాహరణమును చూపును. వాడు ఎదురుచూచునది మొదట పని, పిదప మాట. వాడు మౌనముగా నుండుట గమనించుటకే యైనను, బడిలో అది తెలియమికి గుర్తుగా లెక్కింపబడును. లోపము బాలుని బుద్ధిలో లేదు. రెండు నేర్పుక్రమముల కలయికలో నున్నది.

4. బడిభాష, చెవిభాష

ఈ ప్రాంతమున భాషాబాహుళ్యము ప్రాచీనము. కరీంనగరము జిల్లా కురిక్యాల యొద్ద బొమ్మలగుట్టపై పదవ శతాబ్దిలో జినవల్లభుడు వేయించిన శాసనమున సంస్కృతము, కన్నడము, తెలుగు మూడును గలవు. అందలి తెలుగు కందపద్యములు మన ఛందశ్చరిత్రకు ముఖ్యాధారములు. ఆసఫ్‌జాహీల కాలమున రాజభాష తొలుత పారసీకము, పిదప ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉర్దూ బోధనాభాష. ఉన్నత విద్యకు ఒక భారతీయభాషను మాధ్యమముగా గైకొన్న ఆ ప్రయత్నము గొప్పదే. అయినను కరీంనగరపు తెలుగు బాలునకు ఆ భాష ఇంటిభాష కాదు.

దీనికి మనకు సుపరిచితమైన నిదర్శనము సి. నారాయణరెడ్డిగారి విద్యాభ్యాసము. ఆయన 1931లో కరీంనగరము జిల్లా హనుమాజీపేటలో జన్మించిరి. బడిచదువు ఉర్దూ మాధ్యమమున సాగినది. చెవికి మాత్రము ఊరిలోని హరికథలు, జంగముకథలు, పల్లెపదములు విందుచేసినవి. అటుపిమ్మట ఉస్మానియాలో తెలుగును చదివి, ఆధునికాంధ్ర కవిత్వమునందలి సంప్రదాయములు, ప్రయోగములనుగూర్చి పరిశోధించి డాక్టరేటు పొందిరి. విశ్వంభరకుగాను జ్ఞానపీఠ పురస్కారము నందిరి. పద్యపు నడక చెవికి తెలిసిన పిదప ఛందశ్శాస్త్రము కంటికి వచ్చినది; ఆ రెండింటి నడుమ ఉర్దూ గజలు లయయు చేరినది. బడిభాష వేరగుట ఆయనకు అడ్డంకి కాలేదని కొంద రనవచ్చును. కాని అట్టి ప్రతిభావంతు డొక్కడు దాటిన వాగును ఊరి పిల్లలందరు దాటగలరని వంతెన కట్టుట మానరాదు. ఆ కాలమున ఊరి బడులలో ఆగిపోయినవారి పేరులు సాహిత్యచరిత్రలో నుండవు.

5. గోండుల సగా వ్యవస్థ

ఆదిలాబాదు కొండలలోని రాజగోండుల విషయమున ఈ ప్రశ్న మరింత తీవ్రమగుచున్నది. గోండి ద్రావిడభాష. రండ్, మూండ్, నాలుంగ్ అను సంఖ్యాపదములు విన్న తెలుగువానికి చుట్టరికము వెంటనే స్ఫురించును. కాని చుట్టరికమే తరగతిలో చిక్కు తెచ్చును. తెలుగు ఉపాధ్యాయుడు ఏరు అనగా ప్రవాహమును తలచును. గోండు బాలుని చెవికి ఏర్ అనగా నీరు. నారు అనగా ఉపాధ్యాయునకు వరినారు. గోండిలో నార్ అనగా ఊరు. బాలుడు తప్పు చెప్పినట్లు కనబడును. వాడు తన భాషలో సరిగానే వినియుండును.

గోండుల సమాజము సగా లను విభాగముపై నిలిచియున్నది. ఏడు, ఆరు, ఐదు, నాలుగు అను దేవతల సంఖ్యనుబట్టి నాలుగు సగాలు. ఒక్కొక్క సగాలో పెక్కు వంశములు. ఒకే సగాకు జెందిన వంశములు పరస్పరము సోదరతుల్యములు. వారి నడుమ వివాహము నిషిద్ధము. క్రొత్త యూరికి పోయిన గోండు తన వంశనామమును చెప్పినచో, అక్కడివారు వానిని తగిన సగాలో నిలిపి, ఎవరు అన్నదమ్ములో ఎవరు వియ్యమందదగినవారో నిర్ణయింతురు. ఈ సగాల పుట్టుకను, దేవతల వృత్తాంతమును పర్ధానులు కింగ్రి వాయించుచు గానము చేయుదురు. వీరు గోండులకు వంశపారంపర్యముగా కథకులు. ఆదిలాబాదు పర్ధానుల ఇంటిభాష మరాఠీ. గానము చేయునది గోండిలో. అనగా ఒక భాషలో బ్రతుకుచు మరొక భాషయందలి మహాకథను కాపాడుచున్నారు. ద్విభాషాపాండిత్యమున కింతకంటె నిదర్శన మేమి కావలెను?

ఇచ్చట సోవియట్ మనోవైజ్ఞానికుడు అలెగ్జాండర్ లూరియా చేసిన పరిశోధనను స్మరింపవలెను. 1931, 1932 సంవత్సరములలో అతడు ఉజ్బెకిస్తానమున చదువురాని రైతులను పరీక్షించెను. సుత్తె, రంపము, గొడ్డలి, కఱ్ఱదుంగ అను నాలుగింటిలో జాతిచేత వేరైనదానిని తీసివేయుమనగా, దుంగ లేనిదే పనిముట్లకు పనిలేదుగదా యని వారు దానిని వేరుచేయుట కొప్పుకొనలేదు. బడికిపోయినవారు దుంగను వెంటనే తీసివేసిరి. భావాత్మకమైన వర్గీకరణము చదువుతో వచ్చునని లూరియా నిర్ణయము. ఆ గ్రంథము రష్యాభాషలో 1974లో గాని వెలుగుచూడలేదు.

ఈ నిర్ణయమును సగా వ్యవస్థయెదుట నిలిపి చూతము. ఏడు దేవతలవాడు, ఆరు దేవతలవాడు అను భేదము ముఖమున గనబడదు. ఇంటివలనను పొలమువలనను తెలియదు. ఊరు వేరైనను సగా ఒకటి కావచ్చును. ఒకే యూరిలో సగాలు వేరు కావచ్చును. కంటికి గోచరింపని సంఖ్యాలక్షణమునుబట్టి మనుష్యులను వర్గములుగా జేసి, ఆ వర్గమునుండి విధినిషేధములను అనుమానించుట పూర్తిగా భావాత్మకమైన పని. బడిమొగ మెఱుగని గోండు దీనిని తడుముకొనక చేయును. కావున వర్గీకరణశక్తి చదువులేనివారియం దుండదనుట సరికాదు. ఆ శక్తి ఎచ్చట వాడబడుచున్నదో అచ్చట ప్రకాశించుచున్నది. లూరియా తెచ్చిన నాలుగు వస్తువులు రైతు తన జీవితమున వర్గీకరింపనక్కరలేనివి. అతని ప్రశ్న రైతుది కాదు, బడిది.

6. మార్లవాయి

1940లో జోడేఘాట్ ప్రాంతమున కొమురం భీము నాయకత్వమున గోండులు అటవీభూములకై చేసిన పోరాటము, అతని మరణముతో ముగిసిన పిదప, నిజాము ప్రభుత్వము ఆ ప్రజల స్థితిని విచారింప బూనెను. ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఆదిలాబాదునకు వచ్చి గోండుల నడుమ నివసించెను. 1943లో గోండుల విద్యాపథక మారంభమై, మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము నెలకొన్నది. గోండి వాచకములను నాగరలిపిలో ముద్రించిరి. గోండులలో కొంత చదువెఱిగినవారికి మరాఠీమూలమున ఆ లిపి తెలిసియుండుట అందులకు కారణము. హైమెన్‌డార్ఫ్ రచించిన ఆదిలాబాదు రాజగోండులను గూర్చిన గ్రంథము 1948లో వెలువడినది. హైదరాబాదు సంస్థానపు అధికారులలో సేతుమాధవరావు పగ్డీ గోండి, కోలామీ భాషలను నేర్చి వానిపై వ్రాసెను.

ఈ పథకమునందలి విశేషము పుస్తకముల సంఖ్యలో లేదు. గోండు బాలునకు గోండువాడే గురువగుట, తెలిసిన మాటను తెలియని అక్షరముతో గలుపుట, ఈ రెండే దాని బలము. ఒకే పాఠమున క్రొత్త భాషను, క్రొత్త లిపిని, క్రొత్త మనుష్యుని బిడ్డ ఎదుర్కొనవలసి వచ్చినచో మూడు బరువులు ఒక్కమారు తలకెక్కును. మార్లవాయిలో రెండు బరువులు తగ్గింపబడి, అక్షరమొక్కటే క్రొత్తగా మిగిలినది. గ్రహణరీతినిగూర్చి మార్లవాయివారు సిద్ధాంతము చేయలేదు. కాని బిడ్డ చెవిని, బిడ్డ మాటను ఆధారముగా గైకొని పని సాగించిరి.

ఆ పని యేల నిలువలేదు? 1948లో సంస్థానము భారతదేశమున విలీనమైనది. 1956లో భాషారాష్ట్రముల ఏర్పాటుతో ఆదిలాబాదు ఆంధ్రప్రదేశమున జేరి, తెలుగు బడిభాషగా స్థిరపడినది. నాగరలిపిలో గోండి నేర్చిన బాలునకు పైతరగతులలో ఆ లిపితో గాని ఆ భాషతో గాని పనిలేకపోయెను. మెట్టు బాగుగా కట్టిరి. దానిపై మరొక మెట్టు లేదు. తల్లిభాషలో చదువు మొదలిడుట యెంత ముఖ్యమో, అచ్చటినుండి రాజ్యభాషకు దారి వేయుట యంత ముఖ్యమని మార్లవాయి చరిత్ర బోధించుచున్నది. 2004లో నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము గోండి, కోలామీ మొదలగు ఎనిమిది గిరిజనభాషలలో ప్రాథమిక బోధన నారంభించినప్పుడు వాచకములను తెలుగులిపిలో సిద్ధపరచినది. ఆ లిపిని నేర్చిన బాలునకు పైతరగతుల పుస్తకమును విప్పుటకు గూడ అదే తోడ్పడును. అరువదేండ్ల వెనుకటి లోటు ఇందు కొంత పూడినదని చెప్పవచ్చును.

హైమెన్‌డార్ఫ్ సతీమణి ఎలిజబెత్ 1987లో మరణింపగా ఆమెను మార్లవాయిలోనే ఖననము చేసిరి. ఆ దంపతులను గోండులు నేటికిని తమవారినిగా స్మరించుచుందురు. విద్యాధికారులలో ఇట్టి స్మరణమునకు పాత్రులైనవారు అరుదు.

7. గుంజాల

ఇంతవరకు చెప్పినదానినిబట్టి గోండులది శ్రవణసంప్రదాయము, వారు విని నేర్చు ప్రజ యని తేల్చుటకు మనసు పోవును. చాలకాలము పండితు లట్లే తలచిరి. 2006 ప్రాంతమున ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలములోని గుంజాల గ్రామమున గోండి వ్రాతప్రతులు వెలుగునకు వచ్చినవి. హైదరాబాదు విశ్వవిద్యాలయమునందలి దళిత ఆదివాసి అధ్యయన కేంద్రమువారు, అందును విశేషించి ఆచార్య జయధీర్ తిరుమలరావుగారు, వానిని పరిశీలించి లోకమునకు తెలిపిరి. ఆ లిపి దేవనాగరి కాదు, తెలుగు కాదు. గోండికే చెందిన వేరు లిపి. ఆ ప్రతులు 1750 ప్రాంతమునకు జెందినవని పరిశోధకుల అంచనా. 2018లో గుంజాల గోండి లిపికి యూనికోడ్ ప్రమాణమున స్థానము లభించినది.

ఈ యుదంతము మనకు చక్కని హెచ్చరిక. ఒక జనమునకు వ్రాత లేదని మనమనుకొనిన కాలమున, వారి యింటనే వ్రాత యుండెను, మనము చూడలేదు. విని నేర్చువా రను బిరుదు ప్రశంసవలె వినబడినను, దానివలన గోండు బాలునకు పుస్తకముతో పనిలేదను తలంపు పుట్టినచో అది మరొక విధమైన నిరాకరణమే యగును.

వ్రాతవలన బుద్ధి మారునా యను ప్రశ్నకు గూడ ఇచ్చట చోటు గలదు. లైబీరియాలోని వాయి ప్రజలకు పందొమ్మిదవ శతాబ్దిలో ఏర్పడిన స్వంతలిపి గలదు. దానిని బడిలో గాక ఇండ్లలో నేర్చి ఉత్తరములు వ్రాసికొందురు. సిల్వియా స్క్రిబ్నర్, మైకేల్ కోల్ అనువారు వారిని పరిశీలించి 1981లో గ్రంథము ప్రకటించిరి. వాయిలిపి వచ్చినంతమాత్రమున తర్కశక్తి యంతయు మారిపోలేదు. ఉత్తరము వ్రాయుటకు గావలసిన నేర్పులు మాత్రము పెరిగినవి. కారణమును మాటలలో వివరించు నేర్పు బడిచదువుతో వచ్చినది. ఏ యభ్యాసము ఆ నేర్పును పెంచును అనుటయే వారి సిద్ధాంతసారము. ధర్మపురి ఘనపాఠికిని, కరీంనగరపు తీగపనివానికిని, పర్ధానునకును ఈ మాట సమానముగా వర్తించును.

8. ఉపసంహారము

ఇటీవల ఉపాధ్యాయ శిక్షణతరగతులలో విద్యార్థులను దృష్టిప్రధానులు, శ్రవణప్రధానులు, కర్మప్రధానులు అని విడదీసి, ఒక్కొక్కరికి తగిన పద్ధతిలో బోధింపవలెనను మాట తరచుగా వినబడుచున్నది. హెరాల్డ్ పాష్లర్ మొదలగు నలుగురు మనోవైజ్ఞానికులు 2008లో ఈ మతమునకు గల ఆధారములను సమీక్షించిరి. విద్యార్థి రీతికి తగిన బోధనవలన అధిక ఫలము గలుగునని నిరూపించుటకు, ఒక పద్ధతి ఒక వర్గమునకు మేలగుటయు, వేరొక పద్ధతి వేరొక వర్గమునకు మేలగుటయు ప్రయోగమున కనబడవలెను. అట్లు చూపిన నమ్మదగిన ప్రయోగములు వారికి దాదాపుగా దొరకలేదు. పటమును ఎవరైనను చూచియే నేర్వవలెను. పద్యపు నడకను ఎవరైనను వినియే నేర్వవలెను. ఏ ద్వారము తెరవవలెననునది విద్యార్థికంటె విషయమునుబట్టియే యెక్కువగా నిర్ణయమగును.

మా యనుభవమున నొకదానిని చెప్పి ముగింతుము. కొన్ని యేండ్లక్రిందట ఉట్నూరు కొండలనుండి వచ్చిన విద్యార్థి యొకడు మాకు వ్యాసము వ్రాసి యిచ్చెను. అందు వాదము లేదు. ఒక కథ తరువాత మరొక కథ కూర్చబడియుండెను. విషయవిభజన యెఱుగడని మేము అంచున వ్రాసితిమి. తరువాత నొకనాడు సంభాషణవశమున తమ వంశములను, ఏ వంశము ఏ సగాకు జెందునో, ఎవరికెవరు వియ్యమందరాదో అతడు మాకు వరుసగా చెప్పెను. మేము కాగితముపై వ్రాసికొనుచు రెండుమార్లు తప్పితిమి. అతడు మరల సరిదిద్దెను. విభజన యెఱుగనివా డెవడో ఆనాడు మాకు తెలిసినది. అతని వ్యాసము నిజముగానే లోపము గలదే. కాని ఆ లోపము మేము పేర్కొన్నది కాదు. అతనికి కొఱవడినది బడి యడుగు తీరున చెప్పు అలవాటు మాత్రమే. దానిని నేర్పుట మా పని. పేరుపెట్టి ఊరకుంటిమి.

కావున మా నిర్ణయ మిది. గ్రహణరీతులు గలవు, అవి సత్యములే. కాని అవి మనుజుని నెత్తిన వ్రాసిన వ్రాతలు కావు, తెగల లక్షణములును కావు. చెవి, చేయి, అక్షరము అను మూడింటిని ఉత్తర తెలంగాణమునందలి ప్రతి సంప్రదాయమును తన యవసరముకొలది కలిపికొనినది. వేదపాఠికి చేయి తోడు. ఓనమాలకు బియ్యపు గింజ తోడు. పర్ధానుని పాటకు ప్రక్కనే గుంజాల వ్రాత. ఉపాధ్యాయుడు తెలిసికొనవలసినది బిడ్డ యే రకమువాడని కాదు. బిడ్డ యింతవరకు దేనిని ఏ విధముగా నేర్చెనో, అచ్చటినుండి పాఠమునకు దారి యెటుండునో తెలిసికొనవలెను. దానికి బిడ్డ భాష కొంతయైనను గురువునకు రావలెను. 1943లో మార్లవాయిలో గుర్తించిన ఈ విషయమును మనము మరల మరల మరచుచున్నాము.

ఈ జిల్లాలలోని తీగపనివారి, నకాషుల, పర్ధానుల నేర్పుక్రమములను తెలుగులో సమగ్రముగా వివరించు గ్రంథము లింకను రావలసియున్నది. పరిశోధకవిద్యార్థులు ఈ కృషికి పూనుకొందురని ఆశించుచున్నాము. మా ప్రతిపాదనలలో దోషములున్నచో విజ్ఞులు సవరింతురుగాక.